తుక్కులో గుండెకాయ

బండి ఇంజను పోయింది. కొత్తది దొరకదు. తుక్కు దుకాణంలో ఒకటి ఉందట! కొనొచ్చా? కొనేముందు ఏం చూడాలి?

బెండకాయ కొస విరిచి చూడందే బుట్టలో వేయరు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. పుచ్చకాయ మీద వేలితో కొట్టి వింటారు. అంత చిన్న వస్తువుకే అన్ని పరీక్షలు పెట్టే మనవాళ్లు, తుక్కు దుకాణంలో ఇంజను కొనేటప్పుడు మాత్రం దుకాణదారు చెప్పే ఒక్క మాటతో సరిపెట్టేసుకుంటారు. 'రన్నింగ్ ఇంజనండీ... నిన్ననే దింపాం!' ఆ మాట వినగానే చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది.

మారుతీ ఓమ్నీ వ్యానులో టిఫిన్ సెంటరు నడుపుకునే భార్యాభర్తలను తీసుకోండి. అలాంటివాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే, ఆరింటికల్లా వ్యాను ఆసుపత్రి గేటు ముందుండాలి. ఓ రోజు దారిలో టెంపరేచరు ముల్లు పైకి లేచింది. 'ఇంకో కిలోమీటరేగా' అని పోనిచ్చారు. ఆ కిలోమీటరు పూర్తి కాకుండానే ఇంజను పట్టేసింది. వ్యాను ఆగిన రోజు నుంచీ ఇడ్లీపాత్ర దించింది లేదు. పాలవాడి లెక్క, చిట్టీ వాయిదా మాత్రం ఆగవు కదా.

ఇలాంటప్పుడే ఎవరో ఒక బావమరిది ఫోను చేస్తాడు. 'బావా, ఆటోనగర్‌లో ఓమ్నీ ఇంజను ఉందంట. మనవాడే. బేరం నేను మాట్లాడతా!' అంటాడు. అప్పుడు ఆ ఇంటావిడ అడిగే ప్రశ్నే అసలైన ప్రశ్న. 'ఏమండీ, అదైనా ఎన్నాళ్లు నడుస్తుందట?'

ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. దానికీ, మారుతీ 800కూ గుండెకాయ ఒకే కుటుంబానిది. మూడు సిలిండర్లు, 796 సీసీ... మెకానిక్కులు ఎఫ్8బి అంటారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన 800 కూడా 2014లో సెలవు తీసుకుంది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి కానీ, మొత్తం ఇంజను కావాలంటే ఎక్కువమందికి దారి ఒక్కటే. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ ఆటోనగర్, చెన్నై పుదుపేట, బెంగళూరు శివాజీనగర్ గుజిరీ, ఢిల్లీ మాయాపురి... ఊరి పేరు మారినా సరకు ఒకటే. విప్పేసిన బండ్ల గుట్టలు, నల్లటి నేల, గొలుసుకు వేలాడే ఇంజన్లు.

ముందు మనది విప్పండి!

దుకాణానికి పరుగెత్తే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. పోయిన ఇంజనును పూర్తిగా విప్పించి, లోపల ఏం పోయిందో చూడాలి. పట్టేసిన ఇంజనంతా తుక్కు కాదు. బ్లాకు పగలకుండా, క్రాంకు విరగకుండా ఉంటే లేత్ వర్క్‌షాపులో బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు వేసి మళ్లీ నిలబెట్టొచ్చు. దీనిలో లాభం ఏమిటంటే... దాని చరిత్ర మనకు తెలుసు. నంబరు కూడా మనదే. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. తుక్కు ఇంజను కొన్నా చివరికి చేయించేది అదే బోరింగూ, అవే పిస్టన్లే అయితే మధ్యలో ఇంకొకరి ఇంజను ఎందుకు?

కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పక్కగా బయటకు పొడుచుకొచ్చిందనుకోండి... అప్పుడిక తుక్కు దుకాణమే గతి.

ఏది పారేస్తామో... ఏది ఉంచుతామో!

దుకాణంలో అందరూ చూసేది ఇంజను స్టార్టవుతుందా, పొగ వస్తుందా అన్నదే. బ్యాటరీ తగిలించి, నాలుగు చుక్కల పెట్రోలు పోసి, సెల్ఫ్ కొట్టి గుర్రుమనిపిస్తారు. నిజానికి తెచ్చాక విప్పి కొత్తగా కట్టించుకునేవాళ్లకు ఆ గుర్రు వల్ల ఒరిగేది తక్కువే. పొగ వచ్చిందంటే రింగులు అరిగి ఉంటాయి. రింగులు ఎలాగూ మారుస్తాం. బేరింగులు, గాస్కెట్లు, ఆయిల్ సీళ్లు, టైమింగ్ బెల్టు... ఇవన్నీ పాతవి తీసి పారేసేవే. చివరికి మన చేతిలో మిగిలేవి మూడు. బ్లాకు, క్రాంకు షాఫ్టు, హెడ్డు. ఇచ్చే డబ్బు ఈ మూడింటికే! కాబట్టి చూడాల్సిందీ వీటినే. వెండిరంగు వేసి మెరిపించిన ఇంజను కన్నా, జిడ్డూ మట్టీ పట్టి ఉన్నదే నయం. రంగు కింద ఏముందో ఎవరికీ కనపడదు. జిడ్డు అయితే గుడ్డతో తుడిస్తే పోతుంది.

'800 ఇంజనైనా ఓమ్నీకి పడుతుందిలే' అనే మాట కూడా వినిపిస్తుంటుంది. లోపలి సరంజామా ఒకే కుటుంబానిదే అయినా, కారులో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. వ్యానులో సీటు కింద పొడవుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. తగిలించే సరంజామా అంతా తేడానే. కార్బ్యురేటరు బండికీ, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ బండికీ వైరింగు దగ్గర్నుంచి తేడా. పాత ఇంజను ఫొటోలు నాలుగు వైపుల నుంచీ ఫోనులో తీసుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది. ఒక్క బ్రాకెట్టు తక్కువైనా దానికోసం వారం తిరగాలి.

పానా, టార్చిలైటు, ఓ తెల్ల గుడ్డ

నమ్మకమైన మేస్త్రీని వెంట తీసుకెళ్లాలి. ఆయన కూలి ఇచ్చి మరీ! దుకాణదారు చూపించే మెకానిక్ దుకాణదారు మనిషే అవుతాడు. వెంట మోయాల్సినవి పెద్దగా ఏం లేవు. పానాల కట్ట, టార్చిలైటు, తెల్ల గుడ్డ, కంప్రెషన్ గేజి.

మొదట ఆయిల్ మూత తీసి, దాని అడుగు భాగం చూడాలి. నల్లటి జిడ్డు ఉంటే కంగారు లేదు. చిక్కటి మజ్జిగలా, పాలు కలిసిన కాఫీలా తెల్లటి మీగడ కట్టి ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయని అర్థం. హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు. లేదా హెడ్డో, బ్లాకో పగిలి ఉండొచ్చు. దగ్గర దూరాలకే తిరిగిన బండిలో మూతకు కొంచెం తేమ పట్టడం మామూలే. అందుకని డిప్‌స్టిక్ కూడా తీసి తెల్ల గుడ్డకు రాయాలి. అక్కడా అదే రంగు కనిపిస్తే సందేహం తీరినట్టే. ఆయిలు గుడ్డ మీద రాగి రంగులో మెరుస్తుంటే ఇంకో కథ. బేరింగుల్లో పైన మెత్తటి లోహపు పొర, దాని కింద రాగి కలిసిన పొర ఉంటాయి. రాగి బయటపడిందంటే పైపొర అరిగిపోయి, క్రాంకు కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఉంది. 'ఆయిలు తీసేశామండీ' అన్నారా? అయితే అడుగున సంపు విప్పి చూపించమనాలి. ఒప్పుకోకపోతే పక్క కొట్టుకు వెళ్లొచ్చు.

తర్వాత క్రాంకు పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పూర్తిగా రెండు చుట్లు. ఒక్క చుట్టు చాలదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో అన్ని సిలిండర్ల పనీ ఒక విడత పూర్తి కావడానికి క్రాంకు రెండుసార్లు తిరగాలి. మూడు సిలిండర్లు కాబట్టి ఆ రెండు చుట్లలో చేతికి మూడుసార్లు బరువు తగలాలి. రోట్లో పిండి గట్టిపడ్డప్పుడు పొత్రం ఆగినట్టు... ఆగి, మళ్లీ తేలిగ్గా జారాలి. ఒకచోట బరువే తగల్లేదంటే ఆ సిలిండరు గాలి నిలపడం లేదు. ఒకచోట ఇనుముకు ఇనుము తగిలినట్టు ఠక్కున ఆగిపోతే వెంటనే చెయ్యి తీసేయాలి. బలం ఉపయోగిస్తే ఉన్న వాల్వు కూడా వంగుతుంది. తిప్పడం అయ్యాక పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూస్తారు అనుభవజ్ఞులు. వెంట్రుకవాసి కదలిక ఉండాల్సిందే. టకటకమని కొట్టుకుంటే మాత్రం క్రాంకు అటూఇటూ జరగకుండా ఆపే భాగాలు అరిగాయన్నమాట.

ఆ పైన ప్లగ్గులు. మూడూ విప్పి వరసగా గుడ్డ మీద పెడితే మూడు సిలిండర్ల జాతకం బయటపడుతుంది. లేత గోధుమరంగు మంచిది. నల్లగా, తడితడిగా జిడ్డు ఉంటే ఆయిలు పైకి వస్తోంది. దానికి మందుంది. రెండు మసిగా ఉండి ఒక్కటి మాత్రం కడిగిన గిన్నెలా తళతళలాడుతుంటే? చూడటానికి అదే బాగుంటుంది. అసలు అనుమానించాల్సింది దాన్నే! ఆ సిలిండరులోకి నీళ్లు వెళ్తున్నాయి. ఆవిరి ప్లగ్గును కడిగేస్తోంది.

ప్లగ్గుల చోట కంప్రెషన్ గేజి బిగించి సెల్ఫ్ కొడితే ఒక్కో సిలిండరు ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో ముల్లు చెబుతుంది. అంకె ఎంతన్నది ఒకెత్తు. మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది మరో ఎత్తు. ఒకటి బాగా తగ్గిందంటే ఆ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో, బోరులో. పెరగకపోతే పైన వాల్వుల్లోనో, గాస్కెట్‌లోనో. చెంచాడు నూనెతో తేలిపోయే ఈ పరీక్ష ఎంతో పాతది. ఇంతకంటే చవకైనది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు!

పిస్టను మీద అంకె

బేరం కుదిరేలా ఉంటే హెడ్డు విప్పి చూపించమని అడగాలి. చాలామంది మొహమాటపడతారు. విప్పిన గాస్కెట్ ఖర్చు మేమిస్తాం అంటే ఒప్పుకునే దుకాణదారులు ఉంటారు. ఎలాగూ మార్చే గాస్కెట్టే అది.

హెడ్డు లేచాక మొదట పిస్టను నెత్తి తుడిచి చూడాలి. అక్కడ 0.25 అనో, 0.50 అనో అంకె ఉంటే ఈ ఇంజను ఇదివరకే ఒకసారి బోరింగు చూసిందన్నమాట. బోరు అరిగినప్పుడు గోడను పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో కోసి, అంత లావు పిస్టను వేస్తారు. అలా కోస్తూ పోవడానికి గోడ మందం ఊరికే ఉండదు కదా! ఆఖరి సైజు కూడా అయిపోయిన బ్లాకు తెస్తే, ఇక స్లీవు దిగ్గొట్టించడం ఒక్కటే దారి. ఖర్చు పెరుగుతుంది. ఏ అంకే లేదంటే కంపెనీ సైజులోనే ఉందని అర్థం. వేలి గోరుతో బోరు పైఅంచును తడిమితే మెట్టులా తగులుతుంది. ఆ మెట్టు ఎంత లోతుంటే అరుగుదల అంత. పైనుంచి కిందికి గీతలున్నాయేమో టార్చి వేసి చూడాలి.

హెడ్డు సంగతి వేరు. అది అల్యూమినియం. వేడెక్కితే వంగుతుంది. ఉక్కు స్కేలును దాని అడుగుతలం మీద నిలువుగా, అడ్డంగా, మూలలకు పెట్టి, కింద ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో చూస్తారు. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరినా లేత్‌లో ఫేసింగు చేయించాలి. సన్నటి తలవెంట్రుక మందం అంత! వంపును సరిచేయొచ్చు. వాల్వు సీట్ల మధ్య పగులు ఉంటే మాత్రం వదిలేయడమే మేలు. బ్లాకు మీద ఎక్కడైనా ఎంసీల్ ముద్ద, వెల్డింగు మచ్చ, కొత్తగా పూసిన రంగు కనిపిస్తే అక్కడే గీకి చూడాలి. రూపాయి బిళ్లల్లా ఉండే నీటిమూతలు తుప్పు పట్టి కారుతున్నాయా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

వరద తాగిన ఇంజను

విజయవాడ పరిసరాల్లో ఇంజను కొనేవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు వేలకొద్దీ బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. 2015 డిసెంబరులో చెన్నైలోనూ అదే జరిగింది. అలా మునిగిన బండ్లలో బాగుచేయడం గిట్టనివి చివరికి తుక్కుకే చేరతాయి.

నిలబెట్టిన బండి మునిగితే తుప్పు. అది ఎంతో కొంత సరిచేయొచ్చు. నడుస్తూ నీళ్లు పీల్చిన ఇంజనే ప్రమాదం. గాలిని నొక్కొచ్చు కానీ నీళ్లను నొక్కలేం. పైకి వచ్చే పిస్టను నీళ్లకు గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతోనూ ఇంజను స్టార్టవుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది కూడా. ఆ తర్వాత ఓ రోజు రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటకొస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి తిన్నని కడ్డీ దించి, క్రాంకును తిప్పుతూ పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు కడ్డీ మీద గుర్తు పెట్టుకోవాలి. మూడు సిలిండర్లకూ అలాగే. మూడు గుర్తులూ ఒకేచోట పడాలి. ఒకటి కిందికి దిగితే ఆ రాడ్డు పొట్టిదైంది, అంటే వంగింది. బెల్టు కవరు లోపల, బోల్టుల సందుల్లో ఎండిన ఒండ్రు కనిపించినా సరే... దుకాణదారు ఎన్ని ఒట్లు వేసినా సరే... ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకూడదు.

నంబరు ఎవరిది?

ఇంత చూసినవాళ్లు కూడా చూడకుండా వదిలేసేది బ్లాకు మీద కొట్టిన ఇంజను నంబరు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ అనే పాత విడిభాగాల బజారు ఉండేది. దొంగబండ్లను విప్పి అమ్ముతారని దానికి పేరు. 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారును మూయించారు. అక్కడ కొన్నవాళ్లలో ఎందరికి తాము కొన్నదేమిటో తెలుసు?

నంబరు కొట్టిన చోట గ్రైండరు గీతలు, ఆకురాయి మెరుపు, ఒక అంకె మిగతావాటితో పొంతన లేకుండా ఉండటం... వీటిలో ఏది కనిపించినా వెనక్కి తిరగాలి. నంబరు అరగదీస్తే పోయిందనుకోవడం పొరపాటు. పంచి కొట్టినప్పుడు కింది లోహం కూడా నలుగుతుంది. పైన అరగదీసినా, ఫోరెన్సిక్ ల్యాబులో ఆసిడ్‌తో ఆ అంకెలు మళ్లీ తేలేలా చేయగలరు. తెలిసి దొంగసొత్తు కొనడం నేరం. తెలియక కొన్నా స్టేషన్ చుట్టూ తిరిగేది మనమే, వ్యాను నిలబడేది స్టేషన్ ఆవరణలోనే.

అందుకని ఇంజను ఏ బండిదో ఆ బండి ఆర్సీ జిరాక్సు, ఇంజను నంబరు రాసిన బిల్లు, దుకాణం ముద్ర... మూడూ తీసుకోవాలి. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామన్నారంటే ఆ తగ్గింపు ఎందుకో ఆలోచించాలి. వ్యానులో బిగించాక ఇంజను మార్చిన సంగతి 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసులో తెలియజేయాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాలి. ఇన్సూరెన్సు పాలసీలోనూ మారాలి. పాలసీలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు చిక్కులు తప్పవు.

బేరం ఎక్కడ తెగాలి?

ఇంజను ధర ఒక్కటే చూసి 'చవకగా వచ్చింది' అనుకునేవాళ్లే ఎక్కువ. దుకాణానికి వెళ్లే ముందురోజే లేత్ వర్క్‌షాపుకు వెళ్లి బోరింగుకెంత, క్రాంకు గ్రైండింగుకెంత, ఫేసింగుకెంత అని అడిగి రాసుకోవాలి. విడిభాగాల కొట్లో పిస్టన్ సెట్టు, బేరింగులు, గాస్కెట్ కిట్టు, ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు ధరలు తీసుకోవాలి. మేస్త్రీ కూలి కలపాలి. ఇవన్నీ కూడి, వ్యాను ఉన్నదున్నట్టుగా అమ్మితే ఎంత వస్తుందో ఆ పక్కన రాసుకుంటే... ఇంజనుకు ఎంత పెట్టొచ్చో కాగితమే చెబుతుంది. ఈ లెక్క ఇంటావిడ చేతికిస్తే ఇంకా మంచిది. ఆమెకు బావమరిది మొహమాటం ఉండదు!

డబ్బంతా ఒకేసారి ఇవ్వకుండా, వారం రోజుల్లో విప్పాక బ్లాకు పగిలినట్టు తేలితే వెనక్కి తీసుకోవాలని బిల్లు మీద రాయించుకోవడం అందరికీ సాధ్యం కాదు. కానీ అడిగితే పోయేదేం లేదు. సరకు మీద నమ్మకమున్న దుకాణదారు ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు.

ఇంజను కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు విప్పి సెల్ఫ్ తిప్పుతారు మంచి మేస్త్రీలు, బేరింగులకు ఆయిలు చేరేదాకా. తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు బరువు లేకుండా, గేరు పట్టి గుంజకుండా, ఒకే వేగంలో కాకుండా నడపమంటారు. గ్యాస్ బండలూ గ్రైండరూ ఎత్తుకుని మర్నాడే ఫ్లైఓవరు ఎక్కొద్దు. ఇక మొదటి ఆయిలును లెక్క ప్రకారం కాకుండా చాలా ముందే మార్చేయాలి. తీసిన ఆ ఆయిలును తెల్లటి బేసిన్‌లో పోసి ఎండలో పెట్టి చూడాలి. కొత్త రింగులు, బోరు ఒకదానికొకటి రాసుకుని అలవాటు పడేటప్పుడు సన్నటి బూడిదరంగు పొడి రావడం మామూలే. చిన్న చిన్న రేకుల్లా మెరిస్తే మాత్రం వ్యానును అక్కడే నిలిపి, మేస్త్రీకి ఫోను చేయాలి.